నీరు జారితేనే నావ కదులుతుంది
(తృతీయ బి.యస్సీ.)

మరపడవ వెనక నీళ్ళలో మునిగి తిరిగే ఇత్తడి రెక్కలను మా గోదావరి పాయల మీద అందరూ "ఫ్యాను" అంటారు. పుస్తకాలలో దాని పేరు ప్రొపెల్లర్. అది పడవను ఎట్లా నడుపుతుందని అడిగి చూడండి. మా వూరి రేవులో అడిగినా, మా క్లాసు మిత్రులను అడిగినా నాకు వచ్చిన జవాబు ఒకటే: "మరమేకు చెక్కలోకి దిగినట్టు ఫ్యాను నీళ్ళలోకి దిగుతూ పోతుంది, దాని వెంట పడవా పోతుంది."

ఈ జవాబు పూర్తిగా తప్పని అనలేం. ప్రొపెల్లర్‌ను తయారుచేసిన తొలినాటి వాళ్ళూ అట్లాగే అనుకున్నారు. ఇంగ్లీషువాళ్ళు దాన్ని స్క్రూ అనడం ఆ రోజులనుంచి వచ్చిందే. కానీ చెక్క గట్టిది, కదలదు. నీరు కదులుతుంది. అసలు కథంతా ఈ ఒక్క తేడాలోనే వుంది. ఈ తేడా తెలియకుండా ఫ్యాను కొన్న మనిషి నెలనెలా డీజిలు డబ్బు ఏటిలో పోస్తాడు. నేను కోనసీమ రైతు కుటుంబంలో పుట్టినవాణ్ణి. మాకు వరిచేలూ, కొద్దిగా కొబ్బరీ తప్ప పడవ లేదు. మా మేనమామకు మాత్రం లంకలోంచి కొబ్బరికాయలూ, అరటిగెలలూ, మనుషులనూ దాటించే మరపడవ వుంది. ఆయనకు వచ్చిన ఒక చిక్కు మూలంగా, తరగతిలో చదువుకున్న సూత్రాలను తీసుకుపోయి ఏటి దగ్గర పెట్టి చూడవలసి వచ్చింది. ఆ చిక్కు సంగతి తరవాత చెబుతాను.

ముందు ఫ్యానును పక్కనపెట్టి గెడనూ తెడ్డునూ చూద్దాం. లోతు తక్కువైన చోట పడవవాడు గెడను అడుగున ఇసుకలో ఆనించి వెనక్కి తోస్తాడు. భూమి పడవను ముందుకు తోస్తుంది. చర్యకు సమానమూ వ్యతిరేకమూ అయిన ప్రతిచర్య వుంటుందన్న న్యూటన్ మూడవ సూత్రం ఇదే గదా! ఇక్కడ భూమి కదలదు. కాబట్టి పడవవాడి కష్టమంతా పడవకే దక్కుతుంది. లోతుకు పోయాక గెడకు అడుగు అందదు. అప్పుడు తెడ్డు వెయ్యాలి. తెడ్డుకు ఆనుకోవడానికి నీళ్ళు తప్ప మరేమీ లేవు. తెడ్డు తోసిన నీరు వెనక్కి పోతుంది, ఆ నీరు తిరిగి తోసినందువల్ల పడవ ముందుకు పోతుంది. అంటే లోతునీటిలో పడవ తన కాలు మోపే నేలను క్షణక్షణమూ తానే తయారుచేసుకోవాలన్నమాట. నీటిని వెనక్కి విసరడమే ఆ తయారీ.

ఫ్యాను చేసేదీ ఇదే. తెడ్డు ఒకసారి నీటిలో పడి, ఒకసారి గాలిలో తేలి, మళ్ళీ పడుతుంది. ఫ్యాను విరామం లేకుండా ముందునుంచి నీటిని లాక్కుని వెనక్కి విసురుతూనే వుంటుంది. పడవ మీద పడే తోపుడు ఎంత అన్నది తేలిక లెక్క. సెకనుకు ఎన్ని కిలోల నీరు రెక్కలగుండా పోతుందో, ఆ నీటికి కొత్తగా ఎంత వేగం వచ్చిందో, ఆ రెంటినీ గుణిస్తే న్యూటన్‌లలో తోపుడు వస్తుంది. ద్రవ్యవేగంలో మార్పు రేటే బలం అని మనం ఇంటర్మీడియట్‌లో వల్లించిన రెండవ సూత్రానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

ఇప్పుడొక లెక్క చేద్దాం. ఒక పడవ సెకనుకు 3 మీటర్ల వేగంతో, అంటే గంటకు సుమారు 11 కిలోమీటర్లు, పోవడానికి 1000 న్యూటన్‌ల తోపుడు కావాలనుకుందాం. దీన్ని రెండు విధాల సంపాదించవచ్చు. సెకనుకు 1000 కిలోల నీటికి సెకనుకు 1 మీటరు చొప్పున అదనపు వేగం ఇవ్వవచ్చు. లేదా 250 కిలోల నీటికి 4 మీటర్ల చొప్పున ఇవ్వవచ్చు. గుణిస్తే రెండూ వెయ్యే. పడవకు రెండూ ఒకటే. ఇంజనుకు మాత్రం ఒకటి కాదు!

ఎందుకంటే వెనక్కి పోయిన నీరు వూరికే పోదు, తనతోపాటు గతిజశక్తిని తీసుకుపోతుంది. గతిజశక్తి వేగవర్గాన్ని బట్టి వుంటుంది. మొదటి పద్ధతిలో నీటితో పోయే సామర్థ్యం 500 వాట్లు. రెండవ పద్ధతిలో 2000 వాట్లు. పడవను నడపడానికి కావలసింది 1000 న్యూటన్‌లను 3తో గుణిస్తే వచ్చే 3000 వాట్లు. కాబట్టి మొదటి ఫ్యానుకు మొత్తం 3500 వాట్లు, రెండవదానికి 5000 వాట్లు కావాలి. అదే పడవ, అదే వేగం, అదే బరువు. ఒకదానికి 7 లీటర్ల డీజిలు సరిపోయేచోట రెండవదానికి 10 లీటర్లు పడుతుంది.

మరి ఆ రెండు ఫ్యాన్ల పరిమాణం ఎంత? రెక్కల దగ్గరకు వచ్చేసరికి నీటికి అదనపు వేగంలో సగమే వస్తుంది, మిగిలిన సగం రెక్కలు దాటాక వస్తుంది. ఆ లెక్కన మొదటి ఫ్యాను అడ్డుకొలత సుమారు 60 సెంటీమీటర్లు, రెండవది సుమారు 25. రెండడుగుల ఫ్యాను, పదంగుళాల ఫ్యాను అనుకోండి. ఈ విచారణకు దారి తీసినవాడు స్కాట్లండ్ ఇంజనీరు రాంకిన్, 1865లో. ఇందులో రెక్కలకూ నీటికీ మధ్య రాపిడిని లెక్కలోకి తీసుకోలేదు. నీరు గుండ్రంగా తిరుగుతూ పోయేటప్పుడు అయ్యే నష్టమూ లేదు. నిజం ఫ్యాన్ల దక్షత ఇంతకంటే తక్కువే వుంటుంది. కానీ వరస మారదు: ఎక్కువ నీటిని మెల్లగా తోసేది పొదుపు, కొద్ది నీటిని గట్టిగా విసిరేది దుబారా.

ఇది మా నాన్నగారికి చెబితే ఆయనకు రాంకిన్‌తో పనిలేకపోయింది. "దమ్ముచేలోకి ట్రాక్టరు దింపేటప్పుడు దమ్ము చక్రాలు ఎందుకేస్తాంరా మరి?" అన్నారు. ఆ పోలిక సరిగ్గా సరిపోతుందని నా అభిప్రాయం. మామూలు టైరు బురదలో ఇరుకుగా ఒకచోటే తవ్వుకుంటూ గిర్రున తిరుగుతుంది, బండి కదలదు. వెడల్పాటి ఇనుప చక్రం ఎక్కువ బురదను పట్టుకుని కొద్దిగానే వెనక్కి నెడుతుంది, బండి సాగిపోతుంది. పదంగుళాల ఫ్యాను నీటిలో తిరిగే మామూలు టైరు, అంతే.

అయితే ఫ్యానును ఎంత పెద్దదైనా చేసుకోవచ్చునా అంటే కుదరదు. పెద్ద ఫ్యాను నెమ్మదిగా తిరగాలి, దానికి ఎక్కువ మెలిబలం కావాలి, అంటే మధ్యలో గేరుపెట్టె కావాలి. పైగా ఎండాకాలంలో ఇసుకమేటలు తేలే పాయలలో రెండడుగుల ఫ్యాను అడుగుకు తగులుతుంది. సముద్రపు ఓడలకు ఆ ఇబ్బంది లేదు. 2006లో నీటిలోకి దిగిన ఎమ్మా మేర్స్క్ అనే కంటెయినర్ ఓడ ప్రొపెల్లర్ అడ్డుకొలత 9 మీటర్ల పైమాటే, బరువు సుమారు 130 టన్నులు. అంత పెద్ద ఓడ ఫ్యాను మన గోదావరి మీది పడవ ఫ్యాను కంటే ఎంతో నెమ్మదిగా, నిమిషానికి సుమారు వంద చుట్లకు అటూ ఇటూగా తిరుగుతుంది.

ఇక మరమేకు పోలికలో వున్న నిజం సంగతి. రెక్క చదునుగా వుండదు, ఏటవాలుగా మెలితిరిగి వుంటుంది. నీరు చెక్కలాగా గట్టిదై వుంటే, ఒక చుట్టుకు ఫ్యాను ఎంత దూరం ముందుకు పోయేదో దాన్ని పిచ్ అంటారు. 40 సెంటీమీటర్ల పిచ్ వున్న ఫ్యాను నిమిషానికి 600 చుట్లు, అంటే సెకనుకు 10 చుట్లు తిరిగితే, సెకనుకు 4 మీటర్లు పోవాలి. నిజానికి పడవ 3 మీటర్లే పోతుంది. ఆ తగ్గిన నాలుగోవంతును స్లిప్ అంటారు, మనం జారుడు అందాం.

జారుడు అనగానే ఏదో లోపమనీ, ఫ్యాను నీటిని సరిగ్గా పట్టలేదనీ అనిపిస్తుంది. నాకు అత్యంత ఆశ్చర్యం కలిగించిన విషయం ఇదే. పైన చెప్పిన లెక్కను మళ్ళీ చూడండి. నీటికి కొత్తగా వేగం రాకపోతే తోపుడు సున్న. నీరు వెనక్కి ఏమాత్రం జారకపోతే, ఈ నీటి ఫ్యాను పడవను తోయనే తోయదు. కాబట్టి జారుడు మితిమీరితే నష్టం, అసలు లేకపోతే ప్రయాణమే లేదు. పడవను రేవు గుంజకు కట్టేసి ఇంజను నడిపితే జారుడు నూటికి నూరు. తాడు తెగేటంత తోపుడు వుంటుంది, పడవ మాత్రం అంగుళం కదలదు, డీజిలంతా నీటిని చిలకడానికే పోతుంది.

రెక్క మెలితిరిగి వుండడానికి కారణమూ పిచ్‌లోనే వుంది. కొనా మొదలూ ఒక చుట్టులో ముందుకు పోవలసిన దూరం ఒకటే, 40 సెంటీమీటర్లు. కానీ కొన ఆ చుట్టులో 188 సెంటీమీటర్ల వలయం తిరుగుతుంది. ఇరుసుకు 10 సెంటీమీటర్ల దూరంలోని భాగం 63 సెంటీమీటర్లే తిరుగుతుంది. అందుచేత కొన దగ్గర వాలు 12 డిగ్రీలుంటే చాలు, లోపల 32 డిగ్రీలు కావాలి. వంగిన రెక్కను సుత్తితో కొట్టి "సరిచేసే"వాళ్ళు ఈ మెలికనే పాడుచేస్తారు.

చరిత్రలో ఒక సరదా ఐన ఘట్టం వుంది. ప్రొపెల్లర్ ఎవరో ఒక్కరి సొత్తు కాదు. ఆస్ట్రియా దేశపు రెసెల్ 1829లోనే ట్రియెస్ట్ రేవులో స్క్రూ పడవను నడిపి చూశాడు. 1836లో స్వీడన్‌వాడైన ఎరిక్సన్, ఇంగ్లండువాడైన ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్ కొద్ది వారాల తేడాతో లండన్‌లో పేటెంట్లు తీసుకున్నారు. ఈ స్మిత్ ఇంజనీరు కాడు, గొర్రెలూ పశువులూ మేపుకునే రైతు! (మన వర్గం వాడని నాకు కొంచెం పక్షపాతం వుంటే క్షమించాలి.) ఆయన మొదట చేసిన చెక్క స్క్రూకు నిలువునా రెండు చుట్లుండేవి. 1837లో లండన్ దగ్గర కాలువలో పడవను నడుపుతూండగా దేనికో తగిలి స్క్రూలో సగం విరిగిపోయింది. పడవ ఆగలేదు సరిగదా, ఇంకా వేగంగా పోయింది! మరమేకు సిద్ధాంతం ప్రకారం ఇది జరగకూడదు. చుట్లు ఎక్కువైనకొద్దీ పట్టు ఎక్కువ కావాలి గదా. కానీ మొదటి చుట్టు అప్పటికే వెనక్కి తోసేసిన నీటిలో రెండవ చుట్టు చేసే పని తక్కువ, దాని రాపిడి మాత్రం పూర్తిగా ఇంజను నెత్తిన పడుతుంది. విరిగిన ముక్కతో ఆ రాపిడి పోయింది. స్మిత్ ఆ తరవాత ఒక్క చుట్టుతో సరిపెట్టాడు. కాలక్రమాన అది కూడా పోయి, ఈనాడు మనం చూసే పొట్టి వెడల్పు రెక్కలు మిగిలాయి.

1845 ఏప్రిల్‌లో బ్రిటిష్ నౌకాదళం స్క్రూ ఓడ రాట్లర్‌నూ, పక్క చక్రాల ఓడ అలెక్టోనూ వెనకా వెనకా కట్టి తాడులాగుడు పోటీ పెట్టింది. రాట్లర్ అలెక్టోను రెండు మూడు నాట్ల వేగంతో వెనక్కి ఈడ్చుకుపోయింది. దీన్ని పుస్తకాలు పెద్ద రుజువుగా రాస్తాయి. రాట్లర్ ఇంజను చూపిన సామర్థ్యమే ఎక్కువ కాబట్టి, రుజువు అనడం కంటే ప్రదర్శన అంటే సరిపోతుంది.

ఇక మా మేనమామ చిక్కు. పాత ఫ్యాను రెక్క ఒకటి రాయికి తగిలి వంగింది. బజారులో ఎవరో చెప్పగా, 40 సెంటీమీటర్ల పిచ్‌కు బదులు 50 సెంటీమీటర్లది కొన్నాడు. చుట్టుకు పది సెంటీమీటర్లు ఎక్కువ పోతే వేగం నాలుగోవంతు పెరగాలని ఆయన ఆశ. జరిగింది వేరు. ఇంజను మూలుగుతూ నల్లపొగ కక్కింది, పడవ వేగం ఏమాత్రం పెరగలేదు. సెలవులకు పోయినప్పుడు నన్ను రేవుకు పిలిచి, "ఏరా అల్లుడూ, యూనివర్సిటీలో ఏదో చదువుతున్నావు గదా, పెద్ద పిచ్ ఫ్యాను వేస్తే పొగెందుకొస్తోందో చెప్పు చూద్దాం" అన్నాడు. "వేగం కొలవకుండా ఏం చెప్పమంటావు మావయ్యా" అన్నాను.

గట్టు మీద రెండు కరెంటు స్తంభాల మధ్య 300 మీటర్లు టేపుతో కొలిచాను. ఇరుసు మీద సున్నం బొట్టు పెట్టి, ఫోనులో వీడియో తీసి, నెమ్మదిగా నడిపించి చుట్లు లెక్కపెట్టాను. ఏటివాలుకు 86 సెకన్లు పట్టింది, ఎదురుకు 120 సెకన్లు. రెండు వేగాల సగటు సెకనుకు 3 మీటర్లు. (కాలాల సగటు తీయకూడదు, వేగాల సగటే తీయాలి. అప్పుడే ఏటి వడి కొట్టేసుకుపోతుంది.) ఇరుసు నిమిషానికి 600 చుట్లు తిరగవలసింది 500 దగ్గరే ఆగిపోతోంది. 500 చుట్లకు 50 సెంటీమీటర్ల చొప్పున సెకనుకు సుమారు 4.2 మీటర్లు. పాత ఫ్యాను లెక్క 4 మీటర్లు. అంటే పిచ్ పెంచి సంపాదించినదంతా చుట్లు తగ్గి పోయిందన్నమాట.

కారణం ఇంజనులో లేదు, నీటిలోనే వుంది. ఇట్లాంటి పడవను నడపడానికి కావలసిన సామర్థ్యం సుమారుగా వేగానికి ఘనంగా పెరుగుతుంది. వేగం నాలుగోవంతు పెరగాలంటే సామర్థ్యం దాదాపు రెట్టింపు కావాలి. ఇంజను అదే పాతది, రెట్టింపు ఎక్కడినుంచి తెస్తుంది? చుట్లు అందుకోలేక, సిలిండరులో పడిన డీజిలు పూర్తిగా కాలక, పొగై పోతుంది. పాత ఫ్యానును తెలిసిన పనివాడి దగ్గర మెలిక సరిచేయించి బిగించాక ఇరుసు మళ్ళీ 600 చుట్లకు వచ్చింది. పడవ మునుపటి వేగంతోనే పోయింది, పొగ తగ్గింది.

ఈ ఘనసూత్రాన్ని తిరగేస్తే లాభం కూడా వుంది. వేగాన్ని నూటికి పది తగ్గిస్తే సామర్థ్యం నూటికి 27 తగ్గుతుంది. ప్రయాణకాలం కొంచెం పెరుగుతుంది కాబట్టి ఒక దాటుకు అయ్యే డీజిలు నూటికి 19 తగ్గుతుంది. గంట ప్రయాణం ఏడు నిమిషాలు ఆలస్యమైతే అయిదోవంతు డీజిలు మిగులుతుంది. "జనం అరుస్తారురా" అన్నాడు మా మావయ్య. అదీ నిజమే. కొబ్బరికాయలు వేసుకుపోయేటప్పుడు మాత్రం మెల్లగానే పోతున్నాడు.

ఫ్యానుకు మరో శత్రువు వుంది. తిరిగే రెక్క వెనకవైపు నీటిని నెడుతుంది, ముందువైపు నీటిని పీలుస్తుంది. విమానం రెక్కకు మల్లేనే, తోపుడులో ఎక్కువ వాటా ఈ పీల్పుదే. పీల్పు మరీ ఎక్కువైతే రెక్క ముందు ముఖం మీద పీడనం పడిపోయి, చల్లని నీరే మరిగి ఆవిరిబుడగలు కడుతుంది. 30 డిగ్రీల దగ్గర నీరు మరగాలంటే పీడనం వాతావరణ పీడనంలో ఇరవైనాలుగో వంతుకు పడిపోవాలి. ఆ బుడగలు ఎక్కువ పీడనం వున్న చోటికి పోగానే చటుక్కున కూలిపోతాయి. కూలినప్పుడల్లా లోహం మీద సన్నని దెబ్బ పడుతుంది. అట్లాంటి దెబ్బలు లక్షలు తగిలి ఇత్తడి రెక్క చెదపట్టిన చెక్కలాగా గుంటలు పడుతుంది. దీన్ని కావిటేషన్ అంటారు. రైతు సోదరులకు ఇది కొత్త కాదు. ఇంజను పంపును నీటిమట్టానికి చాలా ఎత్తున పెట్టి నడిపినప్పుడు లోపల గులకరాళ్ళు పోసినట్టు చప్పుడు వస్తుందే, అది ఈ బుడగల చప్పుడే.

దీనితో పేరుమోసిన పోరాటం చేసినవాడు ఆవిరి టర్బైను నిర్మాత పార్సన్స్. 1894లో ఆయన టర్బీనియా అనే సన్నని ఓడకు ఒకే ప్రొపెల్లర్ పెట్టి విపరీత వేగంతో తిప్పాడు. రెక్కలు నీటిలో కాక బుడగల్లో తిరిగాయి, ఓడ ఆశించినంత పోలేదు. ఆయన చిన్న నీటితొట్టె కట్టి బుడగలను కళ్ళారా చూసి, చివరకు మూడు ఇరుసులకు మూడేసి చొప్పున తొమ్మిది ప్రొపెల్లర్లు పెట్టాడు. తోపుడును తొమ్మిదింటికి పంచితే ఏ రెక్క మీదా పీల్పు హద్దు మీరదు. 1897లో ఆ ఓడ 34 నాట్ల వేగాన్ని అందుకుంది. మన చిన్న పడవలకు ఇంత వేగాలు లేవు గానీ, ఖాళీ పడవ పైకి తేలి ఫ్యాను నీటిమట్టానికి దగ్గరైతే ఆవిరికి బదులు గాలినే పీలుస్తుంది. అప్పుడు ఇంజను ఒక్కసారి రయ్యిమంటుంది, పడవ జోరు పడిపోతుంది.

చివరగా చుక్కాని మాట. చుక్కానిని సరిగ్గా ఫ్యాను వెనకనే పెట్టడంలో అర్థముంది. ఫ్యాను విసిరిన నీరు చుక్కానికి తగిలి పక్కకు మళ్ళితేనే పడవ తిరుగుతుంది. ఇంజను ఆగి, పడవ ఏటితోపాటు కొట్టుకుపోతుంటే, ఏరు ఎంత వడిగా వున్నా చుక్కాని పక్కన నీరు కదలదు. పడవా నీరూ ఒకే వేగంతో పోతున్నాయి గదా. చుక్కాని ఎటు తిప్పినా పడవ వినదు. వరదరోజుల్లో ఇంజను ఆగడాన్ని సరంగులు అంతగా భయపడేది ఇందుకే. ఏటివాలుకు వస్తున్న పడవను సరంగు తిన్నగా రేవుకు కొట్టకుండా, రేవు దాటించి, ముక్కును ఎగువకు తిప్పి మళ్ళీ వెనక్కి తేవడం మీరు చూసేవుంటారు. డీజిలు దండగ చేస్తున్నాడని లోపలి జనం గొణుక్కుంటారు. ఏరు సెకనుకు 2 మీటర్లు పోతుంటే, ఎగువముఖంగా 2 మీటర్ల వేగంతో నడిచే పడవ గట్టు దృష్ట్యా నిలబడి వుంటుంది, చుక్కాని దృష్ట్యా నడుస్తూ వుంటుంది. అట్లా నిలబెట్టి, చుక్కానిని కొద్దిగా మళ్ళించి, పడవను పక్కవాటుగా రేవుకు ఆనిస్తాడు.